తుంగభద్ర ఒడ్డున బాడుగకు పదకొండు నెలలు

2024 మే చివరి వారంలో నాకు అనంతపురం నుంచి కర్నూలుకు బదిలీ అయింది. అమ్మాయికి ఇంటర్ రెండో సంవత్సరం తరగతులు మొదలయ్యేలోగా ఇల్లు చూసుకుని సామాను చేర్చాలి కాబట్టి నా చేతిలో మూడు వారాలకు మించి సమయం లేదు. ఎలాంటి ఇల్లు కావాలన్న విషయం మాత్రం మా అమ్మ ముందే తేల్చేసింది. అనంతపురంలో పుట్టి పెరిగిన మాకు నది అంటే ఇసుకే. పెన్న నిండుగా పారిన సంవత్సరాలను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పెద్దవాళ్లయిన వాళ్లం. అందుకే కర్నూలు అనగానే అమ్మ, "ఏరు కనపడే ఇల్లు దొరుకుతుందేమో చూడు నాయనా" అంది. డెబ్బై రెండేళ్ల వయసులో ఆమె నన్ను నోరు తెరిచి అడిగినది అదొక్కటే కావడంతో, ఆఫీసుకు దగ్గరా దూరమా అన్న లెక్కలు పక్కన పెట్టి నది వైపే వెతకడం మొదలుపెట్టాను.

ఊళ్లో ఇళ్లు చూడలేదని కాదు. వెంకటరమణ కాలనీలో రెండు, నంద్యాల రోడ్డులో ఒకటి, సి క్యాంపు దగ్గర ఒకటి చూశాను. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపుల పేర్లు ఇప్పటికీ అలాగే వాడుకలో ఉండటం నాకు ముచ్చటగా అనిపించింది. ఆ ఇళ్లన్నీ బాగానే ఉన్నాయి, బాడుగలు కూడా అందుబాటులోనే ఉన్నాయి. అయితే సుంకేసుల వైపు పోయే దారిలో, ఊరు దాటాక నదికి ఆనుకుని కట్టిన ఒక గేటెడ్ కాలనీని చూసిన తరువాత మిగతావేవీ మనసుకు ఆనలేదు. వెడల్పాటి సిమెంటు రోడ్లు, రెండు వైపులా కానుగ చెట్లు, పిల్లలకు పార్కు, గేటు దగ్గర రాత్రింబవళ్లు కాపలా, చివరి వీధి దాటగానే తుంగభద్ర. అవతలి గట్టు తెలంగాణ. మూడు పడకగదుల ఇంటికి నెలకు 18,000 రూపాయల బాడుగ, మూడు నెలల అడ్వాన్సు, పైగా నిర్వహణ కింద 2,500 రూపాయలు అన్నారు. నా జీతానికి అది బరువే అయినా, మొదటిసారి చూడటానికి వెళ్లిన సాయంత్రమే అమ్మ ముఖం చూసి మనసులో నిర్ణయం చేసుకున్నాను. నదికి ఎదురుగా ఉన్న మొదటి వరుసలో ఒక ఇల్లు ఖాళీగా ఉంది. ఇంటి యజమాని హైదరాబాదులో ఉంటారు. ఆయన తరఫు మనిషి వచ్చి తాళాలు తీసి చూపించాడు. మరుసటి రోజే టోకెన్ అడ్వాన్సు ఇస్తానని ఆయనతో అన్నాను.

ఆ రాత్రి మా మేనత్త ఇంట్లో పడుకున్నాం. అత్తది కర్నూలు పాత ఊరు. భోజనాల దగ్గర నేను ఉత్సాహంగా ఇల్లు ఎలా ఉందో చెబుతుంటే ఆమె మజ్జిగ పోస్తూ ఒకే ప్రశ్న అడిగింది.

"రెండు వేల తొమ్మిదిలో ఆడికి నీళ్లు ఎంతదాకా వచ్చినాయో అడిగినావా?"

"అప్పుడు ఆ కాలనీనే లేదత్తా."

"కాలనీ లేకుంటే ఏమి, నేల ఉండె కదరా."

తరువాత నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి గోడ చూపించింది. ఆ గదికి ఎన్నోసార్లు రంగులు వేయించింది కానీ, తలుపు వెనక అరచేయి వెడల్పున ఒక పట్టీని మాత్రం ఎప్పుడూ వేయనీయలేదు. అక్కడ స్విచ్ బోర్డుకు జానెడు పైన, గోధుమ రంగులో అడ్డంగా ఒక గీత ఉంది. గీతకు కింద సున్నం పెచ్చులు లేచి, వేలితో రాస్తే సన్నటి బురద పొడి ఇప్పటికీ వేలికి అంటుకుంటోంది. గీతకు పైన మాత్రం గోడ నున్నగా ఉంది. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయి. అంతకు ముందు మూడు నాలుగు రోజులుగా కర్ణాటకలోనూ, కర్నూలు జిల్లాలోనూ కుండపోతగా కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి పొంగాయి. హంద్రి వచ్చి తుంగభద్రలో కలిసేది కర్నూలు దగ్గరే. కింద శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ రోజుల్లో నీళ్లు 896 అడుగులు కూడా దాటడంతో, పై నుంచి వచ్చిన వరదకు కిందికి పోయే దారి లేక ఊరి మీదికి తిరిగింది. అత్త, మామ, పక్కింటి రెండు కుటుంబాలు మిద్దె ఎక్కి, ఒక డబ్బా బొరుగులు, రెండు బిందెల నీళ్లతో రెండు రాత్రులు గడిపారు. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే పెళ్లి పట్టుచీరల మధ్య నుంచి బురద జారిందని చెప్పేటప్పుడు ఆమె గొంతు ఈనాటికీ మారుతుంది. నేను అనంతపురంలో కూర్చుని ఆ వార్తలు టీవీలో చూసినవాణ్ణి. పదిహేనేళ్ల తరువాత అదే నది ఒడ్డున ఇల్లు వెతుకుతూ ఆ ప్రశ్న నాకు తట్టనందుకు ఆ రాత్రి నిజంగా బాధపడ్డాను.

మరునాడు టోకెన్ అడ్వాన్సు ఇవ్వలేదు. కాలనీ అమ్మకాల కార్యాలయంలో అడిగితే "ఇది ఎత్తైన ప్రాంతం సార్, వరద ప్రసక్తే లేదు" అన్నారు. ఎంత ఎత్తు, దేనికంటే ఎత్తు అని అడిగితే జవాబు లేదు. కాలనీ గోడకు అవతల పొలం చేసుకునే ఒక పెద్దాయనను కలిశాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని పోయి తన మోటారు కొట్టం చూపించాడు. నాపరాళ్లు పేర్చి కట్టిన ఆ కొట్టం 2009లోనూ ఉంది. నీళ్లు తీసిన వారంలోనే ఆయన ఒక రాయి మీద ఉలితో గాటు పెట్టించాడు. "ఇంతకన్నా ఎక్కువ నేను చూడలేదు, మా నాయనా చూడలేదు సార్" అన్నాడు.

ఆ గాటు నుంచి కాలనీ ఇంటి గడప ఎంత ఎత్తులో ఉందో కంటితో చెప్పలేం. నేల పల్లంగా ఉందో మెరకగా ఉందో చూసేటప్పుడు కన్ను బాగా మోసపోతుంది. అందుకని ఒక మేస్త్రీని పిలిపించాను. ఆయన ఏ యంత్రమూ తేలేదు. గోడల మట్టం చూసుకునే పారదర్శకమైన నీటి గొట్టం ఒకటి చుట్టగా చుట్టి భుజాన వేసుకుని వచ్చాడు. గొట్టం నిండా నీళ్లు పోసి, లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా వేలితో తట్టి తట్టి బయటికి పంపి, ఒక కొస నన్ను రాతి గాటు దగ్గర పట్టుకోమన్నాడు. రెండో కొసతో ఆయన గొట్టం అందినంత దూరం పోయి, నా వైపు నీళ్లు సరిగ్గా గాటుకు వచ్చి నిలిచాయని నేను కేక వేయగానే అక్కడ పాతిన కర్ర మీద బొగ్గుతో గీత పెట్టాడు. తరువాత నేను ఆ కర్ర దగ్గరికి పోయి నిలబడితే ఆయన ఇంకా ముందుకు పోయాడు. అలా ఏడు మార్లు మారి కాలనీలోకి వచ్చాం. కాపలా మనిషి మొదట అడ్డుపడినా, సంగతి విన్నాక ఆయన కూడా ఒక కొస పట్టుకున్నాడు. పనంతా రెండు గంటల్లో అయిపోయింది. మేస్త్రీ 800 రూపాయలు తీసుకున్నాడు. ఇల్లు వెతకడానికి నేను పెట్టిన ఖర్చులన్నింటిలోనూ ఇంతకంటే సార్థకమైనది మరొకటి లేదు.

మొదటి వరుసలో నేను ఇష్టపడిన ఇంట్లో ఆ గీత హాలు గచ్చుకు రెండడుగుల పైన పడింది. అంటే 2009 నాటి నీరు మళ్లీ వస్తే అమ్మ మంచం మునుగుతుంది. వెనక మూడో వరుసకు నేల మెరకగా ఉంది. అక్కడి ఒక ఇంటి దగ్గర గీత వీధికి అడుగున్నర ఎత్తున, ఇంటి గచ్చుకు అడుగున్నర కింద పడింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి తప్ప ఇంట్లోకి రావు. మేస్త్రీ ఆ ఇంటి గేటు స్తంభం మీద ఎర్ర రంగుతో ఆ గీత వేసి, పక్కన 2009 అని రాశాడు. అది నాలుగు రోజుల తరువాత ఖాళీ అయ్యే ఇల్లు. అక్కడ కింది గదుల్లో నది కనపడదు, మిద్దె ఎక్కితే కనపడుతుంది. అమ్మకు విషయం చెబితే, "మిద్దె మీద కుర్చీ వేసుకుంటాలే" అంది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే చూసుకున్నాను. నది అంచు నుంచి నగరపాలక పరిధిలోనైతే 50 మీటర్లు, పరిధి బయటైతే 100 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదని రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాలనీ పార్కు, నడక దారి ఆ ఖాళీ జాగాలోనే ఉన్నాయి, ఇళ్లు దాని వెనక ఉన్నాయి. బాడుగకు ఉండేవాడికి ఇవన్నీ ఎందుకని కొందరన్నారు కానీ, నిబంధన తప్పి కట్టిన ఇంటిని అధికారులు ఖాళీ చేయమంటే ముందుగా రోడ్డున పడేది బాడుగకు ఉన్నవాళ్లే.

ఒప్పందం దగ్గర నాలుగు రోజులు పట్టింది. అందరూ చేసినట్టే మేమూ పదకొండు నెలలకే రాసుకున్నాం. డాక్యుమెంటు రైటరు దగ్గర తయారుగా ఉండే నమూనాలో పేర్లు, బాడుగ మార్చి సంతకాలు పెట్టడమే ఆనవాయితీ. నేను ఆ నమూనా ఇంటికి తెచ్చుకుని చదివి మూడు మార్పులు అడిగాను. మొదటిది పాన్ నంబరు. ఏడాదికి లక్ష దాటి బాడుగ కట్టేవాడు పాత పన్ను విధానంలో ఇంటి బాడుగ మినహాయింపు కోరాలంటే యజమాని పాన్ ఇవ్వాలి. నా బాడుగ ఏడాదికి 2,16,000 అవుతుంది. యజమాని మొదట ఒప్పుకోలేదు. పాన్ అవసరం లేకుండా బాడుగలో 1,000 తగ్గిస్తానన్నారు. నేను పద్ధతి ప్రకారమే పోదామని అన్నాక ఇచ్చారు. రెండోది ఖాళీ చేసేటప్పటి రంగుల ఖర్చు. నమూనాలో "బాడుగదారు పూర్తిగా రంగులు వేయించి అప్పగించవలెను" అని ఉండగా, "వాడకం వల్ల సహజంగా కలిగే అరుగుదల మినహా" అన్న మాట చేర్పించాను.

మూడోది వరద గురించి. వరద వల్ల ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా పాడైతే, లేదా శాశ్వతంగా నివాసానికి పనికిరాకుండా పోతే, కౌలుదారు లీజును రద్దు చేసుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతుంది. అయితే నీళ్లు వచ్చి పది రోజుల్లో తీసిపోతే అది శాశ్వతం కాదు కదా. ఆ నెల బాడుగ సంగతేమిటో విడిగా రాసుకోకపోతే మిగిలేది వాదనే. అందుకని "వరద వల్ల ఇంట్లో నివసించడం సాధ్యం కాని రోజులకు బాడుగ లేదు, విద్యుత్ లైన్లను సరిచేయించే ఖర్చు యజమానిది" అని ఒక వాక్యం పెట్టమన్నాను. యజమాని ఫోనులో చాలాసేపు మౌనంగా ఉన్నారు. "కర్నూలులో ఇంతవరకు ఎవరూ ఇట్లా అడగలేదండీ" అన్నారు. ఆయన్ను నొప్పించడం నా ఉద్దేశం కాదని, మా అత్త ఇంటి గోడ గురించి చెప్పాను. ఆ తరువాత ఆయన ఇంకేమీ మాట్లాడకుండా రాయించమన్నారు.

సామాను దించకముందే ఇల్లంతా ఫోటోలు తీసి, కరెంటు మీటరు రీడింగుతో సహా యజమానికి వాట్సాప్‌లో పంపాను. జూన్ రెండో వారంలో పాలు పొంగించి చేరాం.

అక్కడి బతుకు గురించి చెప్పాలంటే, ఉదయాలు చాలా బాగుండేవి. అమ్మ అయిదింటికే మిద్దె ఎక్కి కుర్చీ వేసుకునేది. జూన్‌లో నది సన్నగా, బండరాళ్ల మధ్య పాయలు పాయలుగా పారేది. ఆ పాయల్లో కొంగలు బారులు తీరి నిలబడేవి. ఎగువ వానలు మొదలై జూలైలో నీళ్లు ఎర్రబడుతుంటే అమ్మ రోజూ ఏ బండ మునిగిందో, ఏది ఇంకా తేలి ఉందో మాకు చెప్పేది. నవంబరు 15న కార్తీక పౌర్ణమి నాడు అరటి దొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదిలి, అది కనుమరుగయ్యేదాకా మెట్ల మీద నిలబడింది. అంతవరకు అరుగు ముందు నీళ్ల పళ్లెంలో దీపాలు వదిలిన మనిషి ఆమె.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. కాలనీ బయట ఒక్క అంగడి లేదు. కొత్తిమీర కట్టకు కూడా బండి తీయాలి. రాత్రి తొమ్మిది దాటితే రాజ్‌విహార్ సెంటర్ నుంచి ఆటోలు రానంటాయి, వచ్చినా ఖాళీగా తిరిగి రావాలని రెండింతలు అడుగుతాయి. నది పక్కనే ఉన్నా కుళాయిల్లో వచ్చేది బోరు నీళ్లే. వంటగది కడప బండ మీద వారానికే తెల్లటి పొర పేరుకునేది, తాగడానికి క్యాన్లు తెప్పించుకునేవాళ్లం. వానాకాలంలో దోమలకు, పాములకు జాగ్రత్త పడాలి. ఇవేవీ మమ్మల్ని ఖాళీ చేయించేంతవి కావు.

ఆగస్టు 10 శనివారం రాత్రి మాకు ఎగువన, కర్ణాటకలోని హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆదివారం ఉదయం నిద్ర లేచేసరికి కాలనీ వాట్సాప్ గ్రూపులో వందకు పైగా సందేశాలు. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదులుతున్నారని, కర్నూలు జిల్లాలో నది ఒడ్డు ఊళ్లను అప్రమత్తం చేశారని తెలిసింది. కొందరు మధ్యాహ్నానికే పిల్లలను, బంగారాన్ని తీసుకుని ఊళ్లోని బంధువుల ఇళ్లకు పోయారు. మేము సర్టిఫికెట్లు, పాసు పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాం, ఇన్వర్టరు బ్యాటరీని బల్ల మీదికి ఎక్కించాం, అమ్మను అత్త దగ్గరికి పంపుదామంటే ఆమె "గీత ఉంది కదా, అది దాటితే పోదాం" అంది. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. ఎవరో ఒకరు "నీళ్లు వచ్చేస్తున్నాయి" అని రాసిన ప్రతిసారీ నేను బయటికి పోయి స్తంభం వైపు చూసేవాణ్ణి. గేటు ముందు వీధి పొడిగా ఉండేది.

నది మాత్రం బాగా పెరిగింది. వీధుల్లోకి రాలేదు కానీ, రెండో రోజు సాయంత్రం మొదటి వరుసలో మూడు ఇళ్ల కింది స్నానాల గదుల్లో జాలీల నుంచి మురికి నీళ్లు పైకి తన్నాయి. నేను మొదట ఇష్టపడిన ఇల్లు ఆ మూడింటిలో ఒకటి. కాలనీ వాన నీటి కాలువ నదిలో పడే చోట గొట్టం మూతి వరద మట్టానికి కింద ఉంది. దానికి వెనక్కి మూసుకునే తలుపు బిగించలేదు, పైగా ఇళ్ల మురుగు గొట్టాలు ఆ కాలువలోకే కలిపి ఉన్నాయి. నది పెరగగానే నీళ్లు అదే గొట్టం గుండా ఎదురెక్కి ఇళ్లలోకి వచ్చాయి. వరద అంటే గట్టు పొర్లి వస్తుందనే అనుకుంటాం కానీ, అది ముందుగా వచ్చేది కాళ్ల కింద నుంచే. కాలనీవాళ్లం గోనె సంచుల్లో ఇసుక నింపి, వాటితో రాత్రికి రాత్రే ఆ కాలువ మ్యాన్‌హోలును బిగించాం. డ్యాం దగ్గర గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో స్టాప్‌లాగ్, అంటే పోయిన గేటు చోట అడ్డంగా దించే ఉక్కు పలకలు, దించి నీళ్లను అడ్డుకున్న వార్త వచ్చినప్పుడు మా వీధిలో ఒకరు అందరికీ మైసూర్‌పాక్ పంచారు. ఆ తరువాత ఇంటికి 1,500 చొప్పున వేసుకుని కాలువ మూతికి ఇనుప తలుపు పెట్టించాం. బాడుగదారులు ఎందుకివ్వాలని కొందరు అడిగారు. నేను ఇచ్చాను, ఆ గొట్టానికి ఎవరిది సొంతిల్లో ఎవరిది బాడుగిల్లో తెలియదు.

2025 ఏప్రిల్‌లో యజమాని బాడుగ 21,000 చేస్తానన్నారు. పది శాతం దాకా పెంచుతానన్నాను, కుదరలేదు. అమ్మాయి పై చదువుకు బయటికి పోతోంది, అమ్మకు మిద్దె మెట్లు కష్టమవుతున్నాయి. అత్త ఇంటికి నడిచిపోయే దూరంలో ఇల్లు చూసుకుని మేలో ఖాళీ చేశాం. అడ్వాన్సు 54,000లో రంగుల కోసం 18,000 పట్టుకుంటామని యజమాని బావమరిది అన్నాడు. చేరిన రోజు ఫోటోలు, ఖాళీ చేసిన రోజు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఒప్పందంలోని ఆ వాక్యంతో సహా యజమానికి పంపాను. నాలుగు వారాలు తిప్పారు. చివరికి గోడకు మేము కొట్టిన మేకుల రంధ్రాలకు, వంటగదిలో పాడైన కుళాయికి కలిపి 4,000 తీసుకుని మిగతా 50,000 బ్యాంకులో వేశారు. ఆ 4,000 న్యాయమైనదే.

గేటు స్తంభం మీది ఎర్ర గీత దగ్గర మాత్రం మాటా మాటా వచ్చింది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అది చూసి భయపడి పోతున్నారని, దాన్ని చెరిపి పొమ్మని బావమరిది అడిగాడు. చెరపనన్నాను. ఆ గీత ఇంటి గచ్చుకు కింద ఉందని, అది ఆ ఇంటికి మంచి పేరే తప్ప చెడ్డ పేరు కాదని ఆయనకు ఎంతో చెప్పి చూశాను. మేము సామాను లారీకి ఎక్కిస్తున్న రోజునే ఆదోని నుంచి ఒక దంపతులు ఇల్లు చూడటానికి వచ్చారు. ఆయన గేటు దగ్గర వంగి ఆ అంకె చదివి, "ఇదేంది సార్?" అని అడిగాడు. మోటారు కొట్టం రాయి నుంచి నీటి గొట్టం దాకా అంతా చెప్పాను. ఆవిడ గీత దగ్గర చేయి పెట్టి, అక్కడి నుంచి మెట్లు ఎక్కి గడప దాకా చూపుతో కొలుచుకుంది. తరువాత ఇద్దరూ లోపలికి పోయి ప్రతి స్నానాల గదిలోనూ జాలీ మూత ఎత్తి చూశారు.